నర్సు జోకులు రాసిన నేను, వెంటిలేటర్ మీద

ఆ రోజు ఆదివారం. హన్మకొండలో మా ఫొటో స్టూడియో పై అంతస్తులో ఒక గదిని దవాఖాన వార్డులా మార్చి వీడియో తీస్తున్నాం. ఒక ఇనుప మంచం, తెల్ల దుప్పటి, ఎక్కడో అడిగి తెచ్చిన సెలైన్ స్టాండు. నా స్నేహితుడు తిరుపతి విగ్గు పెట్టుకుని, మోకాళ్ళ పైకి ఉండే తెల్ల గౌను తొడుక్కుని, పెదాలకు ఎర్ర రంగు పూసుకుని 'లిల్లీ సిస్టర్' అయ్యాడు. నేను పేషెంటును. లిల్లీ పెద్ద సూది పట్టుకుని రాగానే నేను మంచం మీంచి దూకి తలుపు వైపు పరుగెత్తాలి. సీను అంతే.

దూకాను. పాదాలు నేలకు తగిలాయి గానీ నన్ను నిలబెట్టలేదు. మోకాళ్ళు మడతపడి బోర్లా పడ్డాను. గదిలో అందరూ పగలబడి నవ్వారు.

"కట్ చెయ్యకు, మస్తుగ వస్తాంది," అని తిరుపతి కెమెరా మనిషికి చెప్పడం వినిపించింది.

లేవబోయాను. లేవలేకపోయాను. మంచం కోడు పట్టుకుని రెండు చేతులతో ఒంటి బరువంతా లాక్కుంటే గానీ నిలబడలేదు. అప్పుడు నవ్వులు ఆగాయి.

"ఏమైందన్నా? నిజంగనే తాకిందా?"

"కాళ్ళు తిమ్మిరెక్కినయిరా. జర కూసుంట," అన్నాను.

నిజానికి ఆ తిమ్మిరి రెండు రోజుల ముందే మొదలైంది. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉండేది. మెట్లెక్కుతుంటే కుడికాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోయేది. రెండు వారాల కింద విరేచనాలు పట్టుకుని మూడు రోజులు మంచం దిగలేదు. ఆ నీరసమే ఇంకా పోలేదనుకుని, మెడికల్ షాపులో బి కాంప్లెక్స్ గోలీలు కొనుక్కుని వేసుకుంటున్నాను.

నా పేరు రాజేందర్, వయసు ముప్పై తొమ్మిది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయడం నా బతుకుదెరువు. సెలవు రోజుల్లో తిరుపతితో కలిసి నవ్వులాట వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టేవాణ్ణి. రాసేది నేనే. మేం తీసిన వాటన్నిటిలో జనం ఎక్కువగా చూసింది లిల్లీ సిస్టర్‌నే. లిల్లీకి రెండే పనులు. ఫోన్‌లో ముచ్చట్లు పెట్టడం, పేషెంట్లతో సరసాలాడడం. మధ్యలో డాక్టరు వస్తే ట్రే పట్టుకుని ఆయన వెనకాల నడవడం. ఇదంతా ఏ నర్సునో చూసి రాసింది కాదు. చిన్నప్పటి నుంచి సినిమాల్లోనూ సీరియళ్ళలోనూ చూసిందే తిరగరాశాను. వాటిలో నర్సు అంటే, హీరో కళ్ళు తెరవగానే "డాక్టర్, డాక్టర్" అంటూ బయటికి పరుగెత్తే మనిషి. లేకపోతే కమెడియన్ వెంటపడే మనిషి. అంతకు మించి ఆమెకు ఏం పని ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

సోమవారం పొద్దున బాత్‌రూమ్‌లో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. నా భార్య స్వరూప తలుపు నెట్టుకుని వచ్చి లేపింది. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. నా ముఖం చూసి స్కూలుకు ఫోన్ చేసి, ఆటో పిలిచింది. మా బిడ్డ అమూల్యను వర్ధన్నపేటలో వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి పంపించి, నన్ను హన్మకొండలోనే ఒక పెద్ద ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయింది.

న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో నా మోకాళ్ళ మీద కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. కదల్లేదు. నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ స్టడీ చేయించారు. నన్ను పక్కకు ముడుచుకుని పడుకోబెట్టి వెన్నులోంచి నీరు తీశారు.

"గులియన్ బ్యారీ సిండ్రోమ్. జీబీఎస్ అంటాం," అన్నాడు డాక్టరు. "మీ ఇమ్యూనిటీ మీ నరాల మీదనే దాడి చేస్తోంది. ఇవాళ కాళ్ళు. రేపు చేతులు. ఆ తర్వాత శ్వాస కూడా కావచ్చు. ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం. ఆ దాడిని తగ్గించడానికి ఐదు రోజులు ఐవీఐజీ అనే మందు ఎక్కిస్తాం. ఐసీయూలో పెట్టి చూడాలి."

"మళ్ళ నడుస్తడా సార్?" అని స్వరూప అడిగింది.

"చాలామంది నడుస్తారమ్మా. ముందు ఈ వారం గడవాలి."

ఐసీయూలో నా మంచం దగ్గరికి వచ్చిన స్టాఫ్ నర్సు పేరు ఎస్తేరు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ములుగు వైపు పల్లె ఆమెది. ముదురు నీలం ప్యాంటు, చొక్కా, కళ్ళద్దాలు, బొటనవేళ్ళ దగ్గర అరిగిపోయిన బూట్లు. ఆమె నన్ను అడిగిన మొదటి మాట నాకు వింతగా తోచింది.

"అన్నా, గట్టిగ శ్వాస పీల్సుకోని, మల్ల పీల్సకుంట ఒకటి, రెండు, మూడు అనుకుంట పోండ్రి. ఎంతదాంక వస్తదో చూద్దాం."

ముప్పై నాలుగు వరకు వచ్చింది. రాసుకుంది. కొన్ని గంటల తర్వాత మళ్ళీ అడిగింది. ముప్పై ఒకటి. మరుసటి రోజు పొద్దున ఇరవై ఎనిమిది.

"నేను స్కూల్ల గూడ గిన్నిసార్లు లెక్కవెట్టలే సిస్టర్," అన్నాను.

ఆమె నవ్వలేదు. అంకె రాసుకుని, ముందటి అంకెతో పోల్చి చూసుకుని, వెళ్ళిపోయింది. ఎంత బిగుసుకుపోయిన మనిషో అనుకున్నాను.

బుధవారం నాటికి చేతులు పైకి లేవడం లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీలు మారతాయి. స్వరూప విజిటింగ్ టైమని లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది. మానిటర్ మీద ఆక్సిజన్ తొంభై ఎనిమిది చూపిస్తోంది. మంచిగానే ఉన్నాననుకుంటున్నాం ఇద్దరం. అప్పుడే డ్యూటీకి వచ్చిన ఎస్తేరుతో స్వరూప మాటవరసకు అన్నట్టు చెప్పింది.

"పొద్దటిసంది బాగనే ఉన్నడు సిస్టర్. గని ఇందాక జావ తాగిపిస్తె ముక్కుల నుంచి బయటికచ్చింది."

ఎస్తేరు చేతిలో ఉన్న ఫైలు బల్ల మీద పెట్టేసింది. "అన్నా, లెక్కవెట్టుండ్రి."

మొదలుపెట్టాను. పది దాటేసరికి గొంతు సన్నబడింది. పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. ఆ పైన ఒక్క అంకె కూడా రాలేదు.

"తలకాయ దిండు మీంచి లేపుండ్రి."

లేపాననుకున్నాను. తల కదల్లేదు.

ఆమె డ్యూటీ డాక్టరును పిలిచింది. కుర్రవాడు, అప్పటికే మూడు మంచాల మధ్య తిరుగుతున్నాడు. మానిటర్ వైపు చూసి, "సాచురేషన్ నైంటీ ఎయిట్ ఉంది కదా సిస్టర్. ఏబీజీ పరీక్షకు రక్తం పంపండి. సార్ ఓపీలో ఉన్నారు, సాయంత్రం రౌండ్స్‌కు వస్తారు," అన్నాడు.

"సార్, పొద్దున ఇరవై నాలుగు వచ్చింది. ఇప్పుడు పద్నాలుగు," అంది ఎస్తేరు. గొంతు పెంచలేదు. "మెడ లేస్తలేదు. మింగుడు ఆగిపోయింది. సాచురేషన్ పడిపోయేదాంక చూస్తే మనకు టైముండది. పెద్దసారుకు మీరు చేస్తరా ఫోను, నన్ను చెయ్యమంటరా?"

అతను రెండు క్షణాలు ఆమె ముఖం చూసి, తనే ఫోన్ తీశాడు.

న్యూరాలజిస్ట్ పరుగులాంటి నడకతో వచ్చాడు. ఒక్కసారి లెక్కపెట్టించాడు. పదకొండు. "ఇంట్యుబేట్ చేద్దాం. ఇప్పుడే," అన్నాడు. తర్వాత నా మీదికి వంగి, "రాజేందర్, మత్తిచ్చి గొంతులో ట్యూబ్ వేస్తాం. కొన్నాళ్ళు మీ బదులు మిషన్ శ్వాస తీసుకుంటుంది. భయపడకండి," అన్నాడు. ఎవరో స్వరూపను బయటికి పంపిస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి చూస్తోంది. నేను ఏదో చెప్పాలనుకున్నాను. మాటకు సరిపడా గాలి లేదు. ఇంకో గంట ఆగి ఉంటే ఏమయ్యేదని తర్వాత డాక్టరును అడిగాను. "అడగకండి," అన్నాడాయన.

మెలకువ వచ్చాక మొదలైంది అసలు కష్టం. జీబీఎస్‌లో తెలివి ఎక్కడికీ పోదు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి. వేలు కదలదు. ముక్కు మీద దురద పుడితే గంటసేపు ఆ దురదే లోకం. రెప్పలు పూర్తిగా మూసుకునేవి కావు. కళ్ళు ఎండిపోకుండా చుక్కలు వేసి, పడుకునే ముందు రెప్పలకు టేపు అంటించేవారు. గొంతులో కఫం పేరుకుంటే సన్నని గొట్టంతో లాగేస్తారు. ఒకసారి అలా లాగుతుండగా నా గుండె వేగం ఉన్నట్టుండి నలభైకి పడిపోయింది. అలారం మోగింది. ఎస్తేరు గొట్టం బయటికి తీసి, ఆక్సిజన్ పెంచి, నా ఛాతీ మీద చెయ్యి ఆనించి మానిటర్ వైపే చూస్తూ నిలబడింది. నలభై, నలభై నాలుగు, యాభై రెండు. డెబ్బై దాటే దాకా ఆ చెయ్యి తీయలేదు.

రెండో రోజో మూడో రోజో ఆమె ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఆరు మాటలు రాసుకొచ్చింది. నొప్పి, దాహం, కఫం, చలి, పక్కకు తిప్పు, భయం. ఒక్కో మాట మీద వేలు పెడుతుంది. ఔనంటే నేను మూతపడినంత మేరకు రెప్ప కొట్టాలి. నొప్పి కాదు. దాహం కాదు. చివరి మాట మీద వేలు పెట్టగానే రెప్ప కొట్టాను. మళ్ళీ మళ్ళీ కొట్టాను.

"ఉంటదన్నా," అంది. "మీకు గిట్లయిన రోజు నాకు గూడ ఉండె. అందుకే గన్నిసార్లు లెక్కవెట్టిపిచ్చిన."

పదో రోజు జ్వరం వచ్చింది. ఎక్స్‌రే చూసి, "లంగ్‌లో ప్యాచ్ ఉంది. వెంటిలేటర్ న్యుమోనియా," అన్నాడు డాక్టరు. యాంటీబయాటిక్ మార్చారు. ఇక ఎక్కువ రోజులు నోట్లో ట్యూబ్ ఉంచకూడదని గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి ట్రకియాస్టమీ పెట్టారు. స్వరూప సంతకం పెట్టి లోపలికి వచ్చి, నా చెవి దగ్గర, "నువ్వేం ఫికర్ చెయ్యకు. నేనున్న గద," అంది. ఆమె కిందటి రోజు చీరతోనే ఉందని అప్పుడు గమనించాను. నాలుగు రోజులు జ్వరం దిగలేదు. ఆ నాలుగు రోజుల గురించి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది.

జ్వరం తగ్గాక నన్ను తలుపు దగ్గరి మంచానికి మార్చారు. పక్క మంచం మీద ఒక పెద్దాయన. ఆయన అల్లుడు, ఇంకొకతను రోజూ చూడడానికి వచ్చేవారు. ఒక మధ్యాహ్నం ఎస్తేరు నాకు కఫం తీస్తోంది. చేతికి శుభ్రమైన గ్లౌజు, ఆ చేతిలో గొట్టం, రెండో చెయ్యి నా గొంతు దగ్గరి ట్యూబు మీద. వెనక నుంచి ఆ అల్లుడు సాగదీసిన గొంతుతో అన్నాడు.

"సూది తర్వాత... ముందుగాల ఒక్క నవ్వు నవ్వు, లిల్లీ సిస్టరూ."

రెండోవాడు కిసుక్కుమన్నాడు.

ఆ మాట నాది. స్టూడియో కింద చాయ్ తాగుతూ నేను రాసి, తిరుపతికి చదివి వినిపించి, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్విన మాట. యాస కూడా నేను వీడియోలో పలికినదే.

ఎస్తేరు వెనక్కి తిరగలేదు. తిరగడానికి లేదు. అప్పుడామె చెయ్యి వదిలితే నాకు శ్వాస లేదు. మాస్కు పైన ఆమె కళ్ళు ఒక్కసారి గట్టిగా మూసుకుని తెరుచుకున్నాయి, అంతే. గొట్టం మెల్లగా బయటికి తీసింది. నన్ను మళ్ళీ మిషన్‌కు కలిపింది. మానిటర్ చూసింది. గ్లౌజులు తీసి చెత్తబుట్టలో వేసి, అప్పుడు తిరిగింది.

"విజిటింగ్ అయిపోయింది. బయటికి నడువుండ్రి."

"జోకేసిన సిస్టర్. గంత కోపమా?"

"నడువుండ్రి."

నా గుండె వేగం పెరిగి అలారం మోగింది. ఆమె అట్టముక్క తీసుకుని వచ్చింది. నొప్పా? కాదు. దాహమా? కాదు. కఫమా? ఆరు మాటల మీదా వేలు పెట్టింది. నాకు కావలసిన మాట వాటిలో లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే చుక్కల మందు ఎక్కువైందేమోనని దూదితో తుడిచింది.

ఐదో వారం నుంచి మిషన్ తీసి చూడడం మొదలుపెట్టారు. మొదటి రోజు ఐదు నిమిషాలు. తర్వాత పావుగంట. ఒక రోజు రెండు గంటలు ఉండగలిగి, మరుసటి రోజు పది నిమిషాలకే చెమటలు పట్టి మళ్ళీ మిషన్ ఎక్కాను. ఆ రోజు ఇక ఇంటికి పోనని తేల్చేసుకున్నాను. "ముందుకు, వెనక్కు అయితది. ఇది గిట్లనే పోతది," అంది ఎస్తేరు. అలాగే పోయింది. చివరికి మాట వచ్చేలా ట్యూబుకు స్పీకింగ్ వాల్వ్ పెట్టారు. నా గొంతు నాకే ఎవరిదో లాగా వినిపించింది. మొదట స్వరూపను పిలిచాను. అమూల్యతో ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడాను. సాయంత్రం డ్యూటీకి ఎస్తేరు వచ్చే దాకా ఎదురుచూశాను.

"సిస్టర్, లిల్లీ వీడియోలు రాసింది నేనే."

ఆమె సెలైన్ సరిచేస్తోంది. చెయ్యి ఆగలేదు. "ఎరికె."

"ఎప్పటిసంది?"

"మీరచ్చిన రోజే. మీ దోస్తు బయట కూసుంటే మావోళ్ళు గుర్తువట్టిన్రు. ఫొటోలు గూడ దిగిన్రు."

ఆమె సెలైన్ సరిచేయడం అయ్యాక అడిగాను. "కోపం రాలేదా?"

"వచ్చింది. మీకు గడ్డం గీసే పని మూడు రోజులు నరేశ్‌కు చెప్పిన." నరేశ్ అక్కడి మగ స్టాఫ్ నర్సు. అతణ్ణి అందరూ కాంపౌండర్ అని పిలిచేవారు. "మా అత్తగారింట్ల గూడ చూసిన్రు మీ వీడియో. పెండ్లికి ముందు. డ్యూటీల గిట్లనే ఉంటదా అని అడిగిన్రు. నాలుగేండ్లు చదివిన బీఎస్సీ గురించి మాత్రం ఎవ్వలు అడగలే."

"తప్పయింది చెల్లె."

"నాకు చెప్తె ఏమైతది? చూసినోళ్ళకు చెప్పుండ్రి." కళ్ళద్దాలు పైకి జరుపుకుంది. "సరే, గట్టిగ శ్వాస పీల్సుకోండ్రి. లెక్కవెట్టుండ్రి."

పందొమ్మిది వచ్చింది. రాసుకుంది.

రెండు నెలలు దాటాక చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాను. ఫిజియోథెరపీ అంటే రోజూ ఓడిపోయే ఆటలాంటిది. గ్లాసు పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. పాదాలు వేలాడకుండా ప్లాస్టిక్ స్ప్లింట్లు వేసుకుని వాకర్‌తో నిలబడ్డాను.

తిరుపతి వచ్చాడు. లిల్లీ వీడియోలన్నీ తీసేద్దామన్నాను. వాడు నమ్మలేనట్టు చూశాడు.

"అన్నా, గది నవ్వులాట. ఎవ్వలకేం నష్టం? సినిమాలల్ల ఇంతకన్న ఎక్కువ చూపిస్తలేరా?"

ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాను. ఆమె చెయ్యి ఎక్కడుందో, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాను. "బీమారొచ్చి నువ్వు మారినవ్," అని లేచి వెళ్ళిపోయాడు. పది రోజుల దాకా ఫోన్ చేయలేదు. తర్వాత తనే తీసేశాడు. కానీ జనం దాచుకున్నవి, ఒకరి నుంచి ఒకరికి పంపుకున్నవి ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. మొన్న బస్సులో నా ముందు సీటతను ఒకటి చూసి నవ్వుతున్నాడు. వాటిని నేను వెనక్కి తెచ్చుకోలేను.

కొత్తగా ఒక నర్సు కథ రాసి, రివ్యూకు వెళ్ళినప్పుడు దవాఖాన క్యాంటీన్‌లో ఎస్తేరుకు ఫోన్‌లో చూపించాను. అందులో నర్సు పేషెంటు చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంటుంది. పేషెంటు బతికి లేచి ఆమెకు దండం పెట్టి, దేవతవు అంటాడు. ఆమె చాయ్ తాగుతూ చివరిదాకా చదివింది.

"దేవతను చేసినవేందన్నా? దేవతైతే నాకు లీవెవ్వరిస్తరు?" అంది. "గీమె గింతసేపు ఏడుస్తాంది, మిగిలిన మూడు మంచాలు ఎవ్వలు చూస్తాన్రు?"

"మరి ఏం రాయాలె?"

"పనిచేసేది రాయి. ఏం చూసింది, ఏం రాసుకున్నది, డాక్టరుకు ఏం చెప్పింది. తప్పు చేస్తే గది గూడ రాయి."

మళ్ళీ రాశాను. తిరుపతే నర్సు వేషం వేశాడు, ఈసారి మగ నర్సుగా, నీలం చొక్కాలో. లిల్లీని చూసినవాళ్ళలో పదోవంతు మంది కూడా దీన్ని చూడలేదు. కింద ఒకామె మాత్రం "మా ఐసీయూల గిట్లనే ఉంటది" అని రాసింది. తిరుపతి ఆ ముక్కను తన ఫోన్‌లో దాచుకున్నాడు.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. ఎడమ పాదం కొంచెం ఈడుస్తుంది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటాను. మధ్యాహ్నం అయ్యేసరికి అలసట కమ్ముతుంది. ఎడిటింగ్ పని సగమే ఒప్పుకుంటున్నాను. స్వరూప మళ్ళీ స్కూలుకు పోతోంది. నాకు జలుబు చేసినా అమూల్య నా ఎదురుగా కూర్చుని, "నాన్నా, లెక్కవెట్టు" అంటుంది.

మీ ఇంట్లో మనిషి ఐసీయూలో ఉంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. నర్సుల డ్యూటీలు ఎన్ని గంటలకు మారతాయో తెలుసుకోండి. ఆ పది నిమిషాలు చాయ్‌కి పోకుండా అక్కడే ఉండనిస్తారేమో అడగండి. కొత్తగా వచ్చిన సిస్టర్‌ను పేరు పెట్టి పలకరించి, పొద్దటి నుంచి మీ మనిషిలో ఏం మారిందో రెండు ముక్కల్లో చెప్పండి. అది చిన్నదా పెద్దదా అన్నది మీరు తేల్చుకోకండి. చెప్పేయండి. తేల్చుకునేది ఆమె.